చెవిరాయి

కాశిమేడులో మూడు గంటలంటే
రాత్రీ కాదు, తెల్లారీ కాదు.
ఐసు మర ఒక్కటే మెలకువగా ఉండి
మంచును కరకర నములుతుంటుంది.
నా చేతిలో కొలబద్ద, అట్ట, పెన్సిలు.
తడికి పెన్ను అలుక్కుపోతుంది,
పెన్సిలు మాట మీద నిలబడుతుంది.

ముక్కు కొన నుంచి తోక చీలిక దాకా
పద్దెనిమిదిన్నర. పంతొమ్మిది. పదిహేడు.
నూరు కానాగంతలు కొలిచేసరికి
అరచేతులకు పొలుసులు మొలుస్తాయి.
తిరుగు బస్సులో నా పక్క సీటు
తండయార్‌పేట దాటినా ఖాళీగానే ఉంటుంది.
దాని గురించి నాకే ఫిర్యాదూ లేదు.

పొట్ట కోస్తే తెలుస్తుంది
ఇది గుడ్లు పెట్టిందా, పెట్టబోతోందా,
అసలు ఆ ఊసే ఎరగదా అని.
ఒకటి నుంచి ఏడు దాకా అంకెలున్నాయి అందుకు.
ఈ నెలంతా ఒకట్లూ, రెండ్లే.

పోయినేడు రిపోర్టులో ఒక వాక్యం రాశాను,
వల కన్ను ఇంకాస్త వెడల్పు కావాలని.
అది మెట్లెక్కి, మెట్లు దిగి
జరిమానా రసీదై కోదండం పడవ మీద వాలింది.
అప్పటి నుంచి అతను చేపలు చూపిస్తాడు,
మొహం చూపించడు.
ఒక్కసారి మాత్రం తాడు చుట్టుకుంటూ, నాతో కాదన్నట్టు,
"చేప పెరిగేదాకా ఆగమంటారు, సరే.
వడ్డీని పెరగొద్దని ఎవురు చెప్తారు?"
ఆ మాటకు నా ఫారంలో గడి లేదు.

దేసమ్మ ఆ రోజు తడి గోనె కింద
మూరెడు గొరకను దాచి ఉంచింది నాకోసం.
"తలకాయ లోపలిది నీకు, ఒళ్ళు నాకు.
కోత కనబడిందా, నూటయాభై తగ్గుద్ది. నువ్వే ఇయ్యాల."
మొప్ప ఎత్తి అడుగు నుంచి కత్తి దూర్చాను.
చిక్కుడు గింజంత తెల్లటి రాయి,
జత రాయి ఆ చెవిలో.
"ఇది వయసు చెప్పుద్దా?"
"చెబుతుంది. అరగదీస్తే లోపల వలయాలుంటాయి."
"నాదీ చెప్పమను" అని నవ్వింది.
"ఆధారు కార్డులో జనవరి ఒకటి ఏసినారు.
మా వీధి ఆడోళ్ళందరం ఒక్కరోజే పుట్టినామంట,
ఎంత నొప్పులు పడిందో ఆ పొద్దు ఊరు!"
తరవాత ఐసు ముక్క నోట్లో వేసుకుని,
"కవళ్ళు కొనేవాళ్ళు లేక
ఎరువుకి కుప్పలు పోసిన ఏడు పుట్టినానని మాయమ్మ చెప్పేది.
నీ పుస్తకాల్లో ఉంటాదేమో చూడు."

చూశాను. సెలవు రోజున, ఫ్యాను తిరగని గదిలో,
చిమ్మెటలు తిన్నంత తిని వదిలిన రిజిస్టర్లు.
ఎవరో నాలాంటివాళ్ళు, పెన్సిలుతోనే,
బుట్టలూ మణుగులూ రాసిపెట్టారు.
ఒక ఏడు మార్చిలో కవళ్ళ అంకె
గడి దాటి పక్క గడిలోకి పొంగింది.
ఐదేళ్ళ తరవాత మళ్ళీ అలాగే పొంగింది.

గొరక రాయిలో నేను ఆరు లెక్కపెట్టాను.
పక్క బల్ల దగ్గర ఇళవళగన్ ఏడన్నాడు.
చలికాలం లేని సముద్రం కదా,
గీతలు గట్టిగా పడవు,
రెండు మంచి నెలల మధ్య ఒక చెడ్డ నెల
ఏడాదిలా నటిస్తుంది.
ఇద్దరం మళ్ళీ చూశాం. అతను ఆరన్నాడు, నేను ఏడన్నాను.

దేసమ్మకి చెప్పాను, రెండేళ్ళు దొరికాయి, ఏది కావాలని.
వేలంపాట మధ్యలో ఉంది,
మూడొందల ఇరవై, ఇరవై, ఇరవై అంటూనే
"పింఛనుకి ముందుది రాయి,
నాకు వెనకది ఉంచు" అంది,
ముప్పయ్యికి కొట్టేసింది చందువల బుట్ట.

కోదండం పడవ ఆనింది.
ఇవాళ బుట్ట నా ముందు తనే దించాడు,
మాట్లాడలేదు.
పైనున్నది తీసి బద్ద మీద పరిచాను, ఇంకా ఎగురుతోంది.
పదహారున్నర.
ఆగేదాకా ఆగి, రాశాను.